కార్ఖానా తలుపు దాకా

పోయిన నెల ఒక ఉదయం మా చిన్నమ్మ కోడలు ఫోన్ చేసింది. "బావా, అత్తమ్మ పోయింది. చాయ్ తాగి కప్పు కింద పెట్టింది, అంతే." గుండెపోటు అని డాక్టరు చెప్పారట. చిన్నమ్మ వయసు అరవై రెండు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. షోలాపూర్ నీలం నగర్‌లో నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. వాళ్ల గల్లీ చివరి పవర్‌లూమ్ కార్ఖానాలో చిన్నాయన తువ్వాళ్లు నేసేవాడు. రెండేళ్ల కిందట మగ్గం పక్కనే కూలిపోయి చనిపోయాడు. అప్పటినుంచి చిన్నమ్మకు ఉన్నట్టుండి ఛాతీ బిగుసుకుపోయేది, చుడుతున్న ఆకు చేతిలోనే ఆగిపోయేది. అప్పటి పరీక్షల్లో గుండెకు ఏ దోషమూ కనిపించలేదు. అది భయమన్నారు.

నేను హైదరాబాద్‌లో పత్రికలో పనిచేస్తాను. అక్కడినుంచే ఆమెకు ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఏర్పాటు చేశాను. కౌన్సెలర్ తెలుగు అమ్మాయి. వారానికోసారి కరెంటు తీసే రోజున కూర్చునేవారు, ఎందుకంటే మిగతా రోజుల్లో మగ్గాల చప్పుడుకు ఏమీ వినపడదు. చిన్నమ్మ ఫోన్‌ను తంబాకు డబ్బాకు ఆనించి, గోనెపట్టా మీద బాసింపట్టు వేసుకుని, చేట ఒళ్లో పెట్టుకునేది. చెయ్యి ఆడుతుంటేనే నోరు ఆడుతుందనేది.

ఆ అమ్మాయి చెప్పినవన్నీ పనికొచ్చే పనులే. భయం ముంచుకొస్తే కళ్లముందున్న వస్తువుల పేర్లు ఒక్కొక్కటే పైకి చెప్పాలి. దిగులుకు రోజులో ఒక వేళ పెట్టి, మిగతాప్పుడు వస్తే ఆ వేళకు రమ్మనాలి. చిన్నమ్మ సాయంత్రం నాలుగింటి వేళ పెట్టుకుంది. "ఓ రందీ, ఇప్పుడు గాదు, నాలుగ్గొట్టినంక రా" అని గట్టిగానే అనేది. పక్కింటామె ఆటపట్టించేది.

"ఏందక్కా, నాలుగైంది, నీ రంది ఇంకా రాలే?"

"దానికి గూడ రిక్షా దొరకలేదేమో!"

ప్రతిసారీ కౌన్సెలర్ మొదట ఒకటే అడిగేది, ఈ రోజు మనసు పదికి ఎంత ఉందని. చిన్నమ్మ ప్రతిసారీ ఎనిమిది అనేది. మూడో నెలలో ఆ అమ్మాయి సంతోషంగా, "బాగా కోలుకున్నారమ్మా, ఇంకొక్కసారి మాట్లాడుకుంటే చాలు" అంది. ఆ రోజు నేను సెలవు మీద వచ్చి అక్కడే ఉన్నాను. పొద్దున పెట్టిన జొన్నరొట్టె పళ్లెంలో అలాగే ఉంది. బీడీలు అప్పజెప్పడానికి వెళ్లేటప్పుడు కార్ఖానా తలుపు కనపడకుండా అశోక్ చౌక్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్తుందని కోడలు నాకు చెప్పింది.

"ఎనిమిదంటివి. నిన్నటిసంది తినలేదట. గదెట్ల చిన్నమ్మా?"

ఆమె దారం ముడి వేసి కొన తెంపింది. "తక్కువ చెప్తే మాల్ వాపస్ జేస్తరు గద బిడ్డా."

కంపెనీలో చెకింగ్ చేసేవాడు నచ్చని బీడీలను పక్కకు తోసేస్తాడు. చుట్టిన చెయ్యి ఆ రోజు ఎలా ఉందని అతను నలభై ఏళ్లలో ఎన్నడూ అడగలేదు. పదికి ఎంత అనే ప్రశ్నను కూడా ఆమె చెకింగే అనుకుంది. ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ముప్పై ఏళ్లుగా, ఒక్కరి మాట మీద ఏ వార్తా ఇవ్వలేదు. అలాంటి నేను ప్రతి ఆదివారం "బాగున్నవా" అని అడిగి, "బాగున్న" అనగానే ఫోన్ పెట్టేశాను.

తరవాతి వారం నేను ఉండగానే ఆమె చెప్పేసింది. "మేడం, ఝూట్ చెప్పిన. వాపస్ జేస్తరని భయమైంది. రెండు."

"రెండైతే రెండే అమ్మా. నేనేమీ వాపస్ చేయను. అందులో ఏముందో చెప్పండి."

చేట పక్కన పెట్టింది. చిన్నాయన పోయిన రోజు ఆయన మరిచిపోయిన అన్నం డబ్బా పట్టుకుని తాను కార్ఖానాకు వెళ్లానని, తలుపు దగ్గరినుంచే ఆయన కింద పడి ఉండటం చూశానని చెప్పింది. ఆ సంగతి అంతవరకు మాకెవరికీ తెలియదు.

కౌన్సెలింగ్ ఆగలేదు. ఆ తలుపు దాకా నడవడం ఆమె పని అయింది. మొదట గల్లీలోని పాన్ కొట్టు దాకా వెళ్లి, ఊపిరి కుదుటపడేవరకు నిలబడి తిరిగి రావాలి. అది కుదిరాక నల్లా దాకా, ఆ తరవాత కరెంటు స్తంభం దాకా. పదికి మూడు వచ్చింది, నాలుగు వచ్చింది, ఒక వారం మళ్లీ రెండుకు పడింది. అదీ దాచలేదు.

చివరి ఆదివారం నాతో అంది. "ఈ వారం తలుపు దాకా పోత. లోపటికి చూస్త. మీ చిన్నాయనకు ఒక మాట చెప్పేదుంది."

"ఏం మాట?"

"నీకెందుకురా, పేపర్ల రాస్తవా?"

ఆ వారం ఆమె నడవలేదు. శ్మశానానికి దగ్గరి దారి కార్ఖానా ముందునుంచే. పాడె అటే వెళ్లింది. మగ్గాలు ఆపి, పనివాళ్లంతా తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నేను పాడె వెనకాల నడిచాను.

రెండు రోజులకు కరెంటు తీసే రోజు వచ్చింది. కౌన్సెలర్‌కు చెప్పాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఫోన్ మోగితే కోడలు అలవాటుగా ఎత్తి, డబ్బాకు ఆనించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అవతల ఆ అమ్మాయికి ఉత్త గోనెపట్టా కనపడుతోంది.

"అమ్మా, ఎక్కడున్నారు? ఈ వారం తలుపు దాకా వెళ్లారా?"

నేను వెళ్లి ఫోన్ ముందు కూర్చున్నాను. "వెళ్లింది" అన్నాను. ఆమె ముఖం వెలిగింది. ఎలా వెళ్లిందో అప్పుడు చెప్పాను.