నూరాగారు సాధించిన ఒక్క వాక్యం

విరమణకు కొన్నేళ్ల ముందు, కువైట్‌లోని ఒక పునరావాస ఆసుపత్రిలో నేను సీనియర్ స్పీచ్ థెరపిస్టుగా ఉన్నాను. ఆ శీతాకాలం పక్షవాతంతో మాట పోయిన ఒక అరబిక్ సాహిత్య ఆచార్యురాలిని నా విభాగానికి పంపారు. పేరు నూరా. జీవితమంతా ప్రాచీన కవిత్వం మీద పరిశోధన చేసిన మనిషి. ఇరాకీ సైన్యం దేశాన్ని ఆక్రమించిన నెలల్లో ప్రాణానికి తెగించి రహస్యంగా కరపత్రాలు రాసి పంచినవారిలో ఆమె ఒకరు.

మంచినీళ్లు కావాలని కూడా ఆమె అడగలేకపోయేవారు. మొదటి పాదం అందిస్తే మాత్రం పద్యమంతా తడబడకుండా చెప్పేవారు. కంఠస్థమైనది వేరు, అప్పటికప్పుడు కూర్చుకునే మాట వేరు. రెండోది పోయినా మొదటిది మిగలడం మా వృత్తిలో తరచూ చూసేదే. పాత విద్యార్థులు వచ్చి, పద్యాలు విని, గురువుగారు కోలుకున్నారని సంబరపడి వెళ్లేవారు. వాళ్లు వెళ్లగానే ఆమె గోడవైపు తిరిగి ఏడ్చేవారు.

కారణం ఓబులమ్మ చెప్పింది. ఆమె కడప నుంచి వచ్చి, ఏళ్లుగా నూరాగారి ఇంట్లో పనిచేస్తోంది. గల్ఫ్ ఇళ్లలో పనివాళ్లు పిలిచినట్టే యజమానురాలిని 'మామా' అంటుంది.

"సలీం అని మామాతో పాటు పాఠాలు చెప్తాండె. సైన్యమొచ్చినప్పుడు తప్పిచ్చుకున్న మనిషిని మామానే మళ్లా మామా ఇంటికే పంపిందంట మేడం. ఆడ పట్టుకున్నారు. మళ్ల రాలేదు. ఆయప్ప చెల్లెలు మరియం ఇప్పటికీ మామాను చూడనీకి వస్తాది. ఆయమ్మకు ఈ సంగతి తెల్దు, మామా నాకొక్కదానికే చెప్పిండె."

"ఎందుకు పంపారు?"

"పద్యాల మీద తాను రాసుకున్న కాగితాలు తెచ్చియ్యమని. చెప్పల్ల చెప్పల్ల అనుకుంటానే ఇన్నేండ్లు గడిపేసె."

మరియంకు చెప్పాల్సిన ఆ మాట సాధన చేద్దామా అని నూరాగారిని అరబిక్‌లో అడిగాను. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

ఎడమ చేత్తో తాళం వేస్తూ వాక్యాన్ని రాగంలో పలికించి, మెల్లగా రాగం తగ్గించి మామూలు మాటలోకి తెచ్చే పద్ధతి ఒకటుంది. వారాల తరబడి చేశాక "సలీంను నేనే పంపాను" అన్నది పట్టుబడింది. "నా కాగితాల కోసం" అన్నది ఎంత శ్రమపడినా రాలేదు. అయినా అది వచ్చేదాకా ఆగడానికి ఆమె ఒప్పుకోలేదు.

మరియం వచ్చిన సాయంత్రం నూరాగారు తాళం వేసుకుంటూ ఆ వాక్యం అన్నారు. మరియం పద్యమనుకుని నవ్వారు. నూరాగారు మళ్లీ అన్నారు. ఈసారి మరియం మొహం పాలిపోయింది.

"ఎందుకు?"

నూరాగారి పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఓబులమ్మ చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు. అది తన నోటనే రావాలని ఆమె పట్టుదల. మరియం కాసేపు ఎదురుచూశారు. తర్వాత లేచి, ఒంటిమీది నల్లటి అబాయా సర్దుకుని వెళ్లిపోయారు. ఎన్నిసార్లు కబురు పంపినా మళ్లీ రాలేదు.

వేసవి రాకముందే నూరాగారికి రెండోసారి పక్షవాతం వచ్చింది. "ఖలాస్ మేడం, మామా పోయింది" అని ఓబులమ్మ ఫోన్ చేసింది.

రోగి ఒక పూర్తి వాక్యం పలికితే చికిత్స ఫలించిందని నివేదికలో రాస్తాం. నూరాగారి విషయంలో నేనూ అలాగే రాశాను. కాని విన్నవాళ్లు తిరిగి ప్రశ్న అడుగుతారు. ఆ తర్వాత ఏ రోగికి వాక్యం నేర్పినా, దాని వెనక వచ్చే ప్రశ్నకు మాటతోనో, బొమ్మతోనో, సైగతోనో జవాబు కుదిరేదాకా సాధన ఆపలేదు.