బోణీకి అమ్మిన అడాప్టర్

ఆ రోజు పొద్దున్న ఒక తప్పు చేశాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

అరసవల్లి రోడ్డులో మాది ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. షట్టరెత్తి, పటానికి అగరొత్తి తిప్పుతుండగానే ఒకావిడ మెట్టెక్కింది. చేపల బుట్ట కింద దించి, చెంగుముడి విప్పి, కాలిపోయిన అడాప్టర్ ఒకటి బల్ల మీద పెట్టింది.

"ఇలాటిది ఉన్నాదా బాబూ? మా ఇంటాయనకి ఆయాసం. మందు పొగ పట్టే మిసను మా తమ్ముడు మస్కట్ నుంచి తెచ్చాడు. నిన్నట్నుంచి పన్సెయ్యట్లేదు."

నెబులైజర్ అన్నమాట. పన్నెండు వోల్టుల అడాప్టర్ కావాలి. మంచివి ముందురోజే అయిపోయాయి. లేదని చెప్పాల్సింది. కానీ మొదటి బేరాన్ని ఉత్త చేతుల్తో పంపడం మా నాన్నగారి కాలం నుంచీ మా కొట్లో లేదు. పంపితే ఆ రోజంతా వచ్చినవాళ్లు వచ్చినట్టే దిగిపోతారని మా నమ్మకం.

కింది సొరుగులో ఒక డబ్బా ఉంది. సరుకు వేసే అతను 'ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ' అని అంటగట్టిపోయిన ఇరవై అడాప్టర్లు. వాపసు పంపాలని పక్కన పెట్టి, బద్ధకించి నెలలు గడిపేశాను. ఈ సరుకుకి ఒక్కో దేశానిదీ ఒక్కో పట్టింపు. ఒకచోట వోల్టేజి వేరు, ఒకచోట పిన్నుల ఆకారం వేరు. ఏమీ తగిలించకుండా ప్లగ్గులో ఊరికే ఉన్నప్పుడు ఎంత కరెంటు తాగొచ్చో కూడా కొన్ని దేశాలు నియమం పెట్టాయి. మన దగ్గరైతే మన ప్రమాణాల గుర్తు, దాని కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ డబ్బాలోని వాటి మీద ఏవేవో దేశాల ముద్రలు వరసగా అచ్చేసి ఉన్నాయి. మన గుర్తు లేదు, నంబరు లేదు. నంబరు చూసి కొనండని ఊరందరికీ చెప్పేవాణ్ని, అందులోంచే ఒకటి తీసిచ్చాను.

ఆవిడ దాన్ని అరచేతిలో ఎగరేసి చూసింది. చేపని చేత్తో తూచి బరువు చెప్పే మనిషి.

"ఇంత తేలిగ్గా ఉన్నాదేటి బాబూ?"

"ఇప్పుడన్నీ తేలికేనమ్మా. చూడు, అన్ని దేశాల ముద్రలూ ఉన్నాయి."

"మా ఇల్లు ఈ దేశంలోనే ఉన్నాది కదా," అని నవ్వింది. నేనూ నవ్వి, ఆమె ఇచ్చిన నోటు కళ్లకద్దుకున్నాను. కళింగపట్నంలో లైట్‌హౌస్ దగ్గర తమ ఇల్లనీ, మిసను పెట్టాకే మళ్లీ బేరానికి పోతాననీ చెప్పి బుట్ట ఎత్తుకుంది.

మధ్యాహ్నం నా భార్య క్యారేజీ తెచ్చింది. చెంచా కోసం సొరుగు లాగి డబ్బా చూసింది.

"వాపసు పంపుతానన్నారు కదా, ఒకటి తగ్గిందేటండీ?"

"బోణీకి ఇచ్చాను." దేనికో కూడా చెప్పాను.

"అది మొహానికి పెట్టుకునే మిసను కదా," అంది.

అన్నం కలపబోయినవాణ్ని లేచి, స్క్రూడ్రైవర్‌తో ఇంకో అడాప్టర్ విప్పాను. ఫ్యూజు లేదు. గోడ కరెంటు వచ్చే వైపుకీ, పన్నెండు వోల్టులు బయటికి పోయే వైపుకీ మధ్య కనీసం పెన్సిలు మందమంత ఎడం ఉండాలి. అక్కడ వెంట్రుకంత ఉంది. ఇటుది అటు దూకితే గోడ కరెంటు తిన్నగా మిసన్లోకే పోతుంది. దాన్ని తడి చేత్తో పట్టుకున్న మనిషి కళ్లముందు కనబడ్డాడు.

ఆవిడ ఫోన్ నంబరు నా దగ్గర లేదు. కొట్లో మంచి అడాప్టర్ ఒక్కటే మిగిలింది. కొట్టు కెమెరాకి తగిలించినది. గుర్తు, నంబరు, వోల్టులు చూసి దాన్ని పీకాను.

"కెమెరా ఆగిపోతాదండీ."

"ఆగనీ," అని బండి తీశాను.

లైట్‌హౌస్ దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. తలుపు పక్కనే స్విచ్‌బోర్డుకి నా అడాప్టర్ వేలాడుతోంది. ప్లాస్టిక్ కాలే వాసన. నులకమంచం మీద ఆవిడ భర్త మిసను ఒళ్లో పెట్టుకుని, మాస్కు మొహానికి అదుముకుని ఉన్నాడు. ముందు స్విచ్చి కట్టేశాను.

"ఎవుల్రా అది! నా ఊపిరి మీద సెయ్యేసినావు?" అని రొప్పుతూ అరిచాడు.

ఆవిడ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏటయ్యింది బాబూ?"

పొద్దుటిది పీకి పారేసి, తెచ్చినది తగిలించాను. మిసను మళ్లీ గుర్రుమంది. అతని భుజాలు ఎగరడం తగ్గేదాకా నిలబడ్డాను. పొరపాటున మారిపోయిందమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పొద్దున్న ఇచ్చినది మంచిది కాదమ్మా. తెలిసే ఇచ్చాను. బోణీ పోతుందని," అన్నాను.

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "నేనూ బోణీ సేస్తాను బాబూ. కుళ్లిన సేప ఎవులికీ పెట్టను."

భర్త మాస్కు తీసి, "ఒగ్గేయే, వచ్చాడు కదా," అన్నాడు.

"నువ్వు మాటాడకు, పొగ పట్టు." నా వైపు తిరిగింది. "వచ్చినావు సరే. రాకపోతే?"

పొద్దుటి నోటు జేబులోంచి తీసి ఇచ్చాను. బోణీ నోటు అదే రోజు తిరిగివ్వడం మా ఇంట్లో ఎరగం. ఆవిడ తీసుకుని చెంగున కట్టుకుంది. కూర్చోమనలేదు.

సాయంత్రం కొట్టు నిండా జనం ఉండగానే ఆ డబ్బా బల్ల మీద బోర్లించి, కటింగ్ ప్లేయరుతో అన్నింటి వైర్లూ మొదలంటా కత్తిరించాను. ఎందుకని అడిగినవాళ్లకి, అమ్మిన ఆ ఒక్కదాని సంగతి కూడా చెప్పాను.

మర్నాడు అగరొత్తి వెలుగుతుండగానే ఒకతను మెట్టెక్కి వైఫై డబ్బాకి అడాప్టర్ అడిగాడు.

"లేదు. రెండు రోజుల్లో మంచివి వస్తాయి," అన్నాను.

అతను ఉత్త చేతుల్తో మెట్టు దిగి వెళ్లిపోయాడు.