సత్తవ్వ పత్తికట్టెల కుప్ప

లింబయ్య పురుగుల మందు తాగి చచ్చిపోయాడని మా ఊళ్ళో అనని నోరు లేదు. బోధన్ బస్టాండులో అన్నారు, రోడ్డు మీది చాయ్ హోటల్లో అన్నారు, ఆఖరికి మా అరుగు మీద కూర్చుని నేను పోసిన చాయ్ తాగుతూ నా మొహం మీదే అన్నారు. పంట పోయింది, తాగాడు, పోయాడు. మూడు ముక్కల్లో మనిషిని తేల్చేశారు. ఆ మాట తప్పు. ఊరికే అనడం లేదు, అడగాల్సిన వాళ్ళందరినీ అడిగాకే అంటున్నాను.

పోయినోడు పోయాడు, ఏమంటే ఏముందిలే అని నేనూ ఊరుకునేదాన్నేమో. కానీ అతనికి ఒక్కతే బిడ్డ, అఖిల. నిజామాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతుంది. తండ్రి పోయిన రోజు ఆ పిల్ల బస్సు దిగి రెండడుగులు వేసిందో లేదో, "మీ బాపు మందు తాగిండు బిడ్డా" అని ఎవరో చెప్పేశారు. అంతే, ఆ పిల్ల ఏడవలేదు. ఫొటోకు దండ వేయమంటే, "నన్ను ఇడిసిపెట్టి పోయినోనికి దండెందుకు?" అని లోపలికి వెళ్ళిపోయింది. నెల మాసికానికి రాలేదు, ఆ మరుసటి దానికీ రాలేదు. తండ్రి తనను వద్దనుకుని పోయాడని ఆ పిల్ల గుండెలో పడిపోయింది.

మరి ఆ ఇల్లాలు సత్తవ్వ? ఊరు అన్నదానికి అవుననలేదు, కాదనలేదు. నాకు ముద్ద దిగనిది అక్కడే.

సత్తవ్వ మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. ఆమె ఈ వాడకు కోడలిగా వచ్చిన ఏడాది నాకు బాగా గుర్తు. అప్పుడు ఎటు చూసినా చెరకే. చక్కెర ఫ్యాక్టరీ కూత విని పొయ్యి వెలిగించేవాళ్ళం. సత్తవ్వ చెరకు నరకడానికి దిగిందంటే మగవాళ్ళు తువ్వాలలు బిగించుకునేవారు, వెనకబడితే పరువు పోతుందని. ఫ్యాక్టరీ మూతపడింది, చెరకు పోయింది. కొందరు వరి వేశారు. లింబయ్యకున్న రెండెకరాలు మా వాడ వెనకే ఉన్న నల్లరేగడి. అందులో పత్తి వేశాడు.

పత్తితో పాటు పత్తికట్టె వచ్చింది. ఆఖరు ఏరుడు కాగానే ఆడవాళ్ళం చేలల్లో పడి మోళ్ళు పీకి, మోపులు కట్టి, నెత్తిన మోసుకొచ్చి పెరట్లో కుప్ప వేస్తాం. వానాకాలమంతా పొయ్యిలోకి అదే. ఎవరి కుప్ప ఎంత ఎత్తుందో చూసి ఆ ఇంటి ఆడదాని పనితనం చెప్పడం మా వాడలో అలవాటు. కోడళ్ళను దెప్పడానికి అత్తలకు అంతకన్నా మంచి సాకు దొరకదు. నేనూ దెప్పాను. సత్తవ్వ కుప్ప ఇంటి చూరును దాటి లేచేది. పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, రాళ్ళు పెట్టి, ఒక్క చినుకు దిగకుండా కాపాడుకునేది. కుప్పకు ఇటు ఇల్లు, అటు చేను.

పోయిన వానాకాలం మొదట్లో వ్యవసాయ మేడం సుమన మా వాడకు వచ్చింది. కింద పొడుగాటి సంచీలు వేలాడే బుట్టలు తెచ్చింది. పత్తిలో గులాబీ పురుగును పట్టే బుట్టలవి.

"ఇందులో ఆడ పురుగు వాసన బిళ్ళ ఉంటదమ్మా. ఆడది ఉన్నదనుకొని మొగ పురుగులొచ్చి పడతయి. రోజూ పొద్దున లెక్క చూస్తే చేన్ల పురుగు ఎంతున్నదో తెలుస్తది," అంది మేడం.

మా వాడ వసంతమ్మ ఊరుకుంటుందా? "ఉత్త వాసనకే గింత ఉరికొస్తయా! పురుగైనా మొగోడు మొగోడేనే!"

ఆడవాళ్ళం కొంగులు అడ్డం పెట్టుకున్నాం. సత్తవ్వ మొగుని వైపు ఓరగా చూసింది. "గా బిళ్ళ ఒకటి మా ఆయన మెడల గట్టుండ్రి మేడం. ఎవలన్న ఎంటబడ్తరేమో సూస్త."

లింబయ్య మాటకారి కాదు. బుట్టను అటూ ఇటూ తిప్పి చూస్తూ, "అచ్చేటియన్ని మొగయే గదనే, నాకేం పాయిద?" అన్నాడు. ఆ రోజు సత్తవ్వ నవ్విన నవ్వు వాడంతా వినబడింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

వెళ్ళబోతూ మేడం కుప్ప దగ్గర ఆగింది. ఒక కట్టె లాగి, దానికి అంటుకుని ఉన్న ఎండు కాయను చిదిమి చూపించింది. లోపల బియ్యపు గింజంత పురుగు, ముడుచుకుని ఉంది. "ఇది చచ్చిపోలేదమ్మా, పడుకున్నది. వానలు పడ్డంక రెక్కలొచ్చి లేస్తది. చేను పక్కన కుప్పలు పెట్టొద్దు, కాల్చేయండి," అంది. అందరం తలూపాం. నేనూ ఊపాను, నా పెరట్లో నా కుప్ప పెట్టుకునే ఊపాను. ఏ ఒక్కరమూ అగ్గిపుల్ల గీయలేదు.

లింబయ్య మాత్రం ఆ బుట్టలను వదల్లేదు. చేనులో నాలుగు కట్టాడు. రోజూ తెల్లవారగానే సంచీ విప్పి, పడిన రెక్కల పురుగులను అరచేతిలో పోసుకుని లెక్కపెట్టి, గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు. నాకెందుకు ఆగుతుంది, వెళ్ళి చూసేదాన్ని. దూరపు బుట్టల్లో ఒకటి, రెండు. కుప్ప పక్క బుట్టలో పదిహేను, ఇరవై.

ఒక పొద్దున మొగుడూ పెళ్ళాల మాట నా చెవిన పడింది. వాళ్ళ గోడ ఎత్తు తక్కువ, అటుగా పోతున్న నా తప్పేం లేదు.

"సత్తీ, కుప్ప కాలబెడ్దమే."

"కాలబెడ్తె వానకాలమంత పొయ్యిల నీ కాలు వెట్టాల్నా?"

"సిలిండరున్నది గదనే."

"సిలిండరు అన్నం కూరకు. నువ్వు మందు కొట్టొచ్చినంక కాగెడు ఉడుకునీళ్ళు ఏంటితోని కాగుతయి? దసరా దాక ఆగు."

అతను మళ్ళీ ఒకసారి అన్నట్టున్నాడు. సత్తవ్వ గయ్యిమంది. లింబయ్య ఏ మాటైనా రెండుసార్లే అనే మనిషి.

పూత మొదలయింది. పూతతో పాటు గుడ్డిపువ్వులూ వచ్చాయి. విచ్చుకోకుండా రేకులన్నీ అతుక్కుపోయి మొగ్గలాగే ఉండిపోతుంది, లోపల పురుగు ఉంటుంది. అది కనబడితే తెంపి నాశనం చేయాలి. ఇద్దరూ నడుముకు సంచులు కట్టుకుని పొద్దున్నే సాలు సాలూ తిరిగి ఏరేవాళ్ళు. ఇవాళ ఏరితే రేపటికి మళ్ళీ అన్నే. కాయలు పట్టాక పురుగు కాయలోకి దూరింది. కాయలో దూరిన పురుగుకు పైన కొట్టిన మందు అందదు. అది లింబయ్యకూ తెలుసు. అయినా ఆశ కదా. ఒక మందు కొట్టాడు, తగ్గలేదు. రెండు కలిపి కొట్టమన్నారు ఎవరో. కలిపాడు.

దసరా ఇంకా ఐదు రోజులుందనగా పోయాడు.

పదకొండో రోజు కర్మ అయ్యాక, మరుసటి పొద్దున వాడంతా పొగ కమ్మింది. బిందె పట్టుకుని పరుగెత్తాను. సత్తవ్వ తన చేత్తోనే కుప్పకు నిప్పు పెట్టింది. మంటకు ఎంత దగ్గరగా నిలబడిందంటే కనుబొమ్మల వెంట్రుకలు కమిలాయి. "పిచ్చి లేసిందా నీకు, ఇవుతలికి రా!" అని రెక్క పట్టి లాగాను. చివరి కట్టె బూడిదయ్యేదాకా కదల్లేదు. దానికీ ఊళ్ళో ఒక మాట పుట్టింది, మొగుడు తాగిన మందు సీసాను అందులో వేసి కాల్చిందని.

చివరిదాకా దగ్గరున్న మనిషి ఇంకొకడున్నాడు, పక్క చేను పోశన్న. లింబయ్యను తన బండి మీద బోధన్ దవాఖానకు తీసుకుపోయింది అతనే. కానీ దసరా మరునాడే ట్రాక్టరు తోలుకుని చెరకు మోయడానికి మహారాష్ట్రకు పోయాడు. నాలుగు నెలలకు, పోయిన వారమే తిరిగొచ్చాడు. వచ్చిన రోజే అతని వాకిట్లో కూర్చున్నాను.

"పోశన్నా, ఒక్కటడుగుత, నిజం చెప్పు. లింబయ్య తాగిండా?"

చేతిలోని బకెట్టు కింద పెట్టాడు. "గిదేం అడుగుడే పెద్దవ్వ? ఎవలన్నరు?"

"ఊరంత అంటున్నది."

"ఊరు మన్నుగాను! మందు కొట్టే పంపు ఈపుకే ఉన్నది గాయనకు. పంపు ఈపున ఏసుకొని ఎవడన్న తాగుతడా? నిట్ట మధ్యాన్నం, చెట్లు నెత్తికెత్తు పెరిగినయి, గాలేమో ఎదురు. మొకానికి తువ్వాల గూడ లేదు. అంగి అంత మందుతోని తడిసి ఒంటికి అంటుకున్నది. గా మందు ఒంట్లకెక్కి సాళ్ళ నడుమ బోర్ల పడ్డడు. సద్ది తెచ్చిన సత్తవ్వ ఒర్రుడు ఇని నేనురికిన."

"సీసా పక్కన్నే ఉండెనంటరు గదరా?"

"మందు కలిపినంక సీసా గట్టు మీద ఇసిరేస్తం. ఎవని గట్టు మీద లేదు చెప్పు? నీ కొడుకు గట్టు మీద లేదా?"

ఉంది. నేను చూశాను.

"పొద్దుగాలనో పొద్దుగూకనో కొట్టేటోడు గద. మధ్యాన్నం ఎందుకు దిగిండు?"

పోశన్న తలపాగా విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. "నేను గూడ అన్న, పొద్దు వాలనీయన్నా అని. 'పొద్దుగాలంత పువ్వులేరుడే అయ్యింది. రేపు బిడ్డ సెలవులకు అస్తది. అది అచ్చెటాలకు మందు పని ఒడగొట్టాలె, పొల్ల ముంగట గీ వాసనెందుకు' అన్నడు. బండి మీద నడుమల కూసుండవెట్టినం, ఎనుక సత్తవ్వ పట్టుకున్నది. బోధన్ దాక ఒక్కటే మాట, ఒళ్ళు మండుతుంది, నీళ్ళు పొయ్యుండ్రని."

"మరి గిదంత ఎవలికి చెప్పకపోతివి?"

"నన్ను అడిగిందెవలు పెద్దవ్వ? సత్తవ్వ ఉన్నది గద, అందరికి ఎరుకే అనుకున్న."

ఇంటికి వచ్చి సుమన మేడానికి ఫోన్ చేయించాను. సత్తవ్వ కుప్ప వల్లనే పురుగు వచ్చిందా అని అడిగాను. "ఊళ్ళో ప్రతి ఇంటికీ కుప్ప ఉన్నది కదమ్మా. ఆ రెక్కల పురుగు ఎగురుకుంటూ పోతది. ఆ ఒక్క కుప్పే అని ఎవరూ చెప్పలేరు," అంది. అంటే నా కుప్ప కూడా. మా వాడలో ఈ ఏడు మళ్ళీ కట్టెల మోపులు దిగుతున్నాయి. మా పెరట్లో మాత్రం దించనివ్వలేదు. నా కోడలు మూతి ముడుచుకుంది.

నిన్న పొద్దున సత్తవ్వ దగ్గరికి వెళ్ళాను. వాకిట్లో బండ ముందు కూర్చుని చింతపండు కొడుతుంది. గింజ ఒక పక్కకు, పండు ఒక పక్కకు.

"ఏం పెద్దవ్వ, పొద్దుగాలనే దిగినవు? ఎవలింట్ల ఏమైంది?"

"మీ ఇంట్లనే," అన్నాను.

పీట లాక్కుని కూర్చుని పోశన్న చెప్పినదంతా చెప్పాను. పంపు వీపునే ఉందన్నది చెప్పాను, బిడ్డ వస్తుందని తొందరపడ్డాడన్నది చెప్పాను. ఆమె సుత్తె ఆగలేదు.

"గివన్ని నాకెరుక లేదా పెద్దవ్వ? నేనక్కడ్నే ఉంటి గద."

"ఎరుకుండేనా? ఎరుకుండే ఊకున్నవానే? పొల్ల తండ్రి ఫొటో మొకం సూస్త లేదు. తనను కాదని పోయిండని లోపల్లోపల కాలిపోతుంది. మీ బాపు తాగలేదే అని ఒక్క మాట ఎందుకు చెప్పకపోతివే బిడ్డా? నాలుగు నెలలు!"

సుత్తె ఆగింది. చేతికి అంటుకున్న చింతపండు గుజ్జును బండ అంచుకు రాసింది. మళ్ళీ రాసింది. ఆమె ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు.

"తాగిండంటె తప్పు గాయనదైతది పెద్దవ్వ. తాగలేదంటె నాదైతది. కుప్ప కాలబెడ్దమని రెండుసార్లన్నడు, మూడోసారి అననీయలే నేను. గది ఎరుకైతె పొల్ల నా దిక్కు సూడదు. బాపు ఎట్లగూ లేడు, దానికి అవ్వన్న ఉండాలె గదా అని... కాదు, అబద్దం. దానికోసం గాదు. నాకు బిడ్డ ఉండాలెనని. సచ్చినోని మీద ఏసి నాలుగు నెలలు బువ్వ తిన్న. ఇగ నాతోని గాదు. పొల్ల ఇయ్యాల పగటి బస్సుకు అస్తనన్నది. నేనే చెప్త. నువ్వు ఇంటికి వోకు పెద్దవ్వ, జెర గీడనే కూసో."