మామ ఎందుకు ఔట్ కాలేదంటే

నిన్న టీవీలో ఒక ఆటగాడు బ్యాటింగుకు దిగుతూనే వంగి, పిచ్‌ను అరచేత్తో తట్టాడు. నాకు చప్పున పసుపూ నూనే కలిపిన కుస్తీ మట్టి వాసన వచ్చింది.

నలభైలలో బెంగళూరు పేటలో పెరిగినవాళ్ళం ఎంతమందిమి మిగిలామో! పొద్దున్నే పెద్దవాళ్ళు మనల్ని కుస్తీకి తోలే గరడి ఇళ్ళు గుర్తున్నాయా? మా వీధి గరడిలో మా పెద్దమామే వస్తాదు. క్రికెట్టంటే ఆయనకు ఒళ్ళు మంట. "ఒంటికి మన్ను అంటకుండా ఆడేదీ ఒక ఆటేనాప్పా?" అనేవాడు.

నేనేమో కుస్తీ ఎగ్గొట్టి, విరిగిన మగ్గం పలకే బ్యాటుగా మైదానానికి పారిపోయేవాణ్ణి. ఒకరోజు మామ అక్కడికే వచ్చేశాడు.

"ఆ పలక ఇట్లా తే, నీళ్ళ పొయ్యిలో పెడతా!"

సరిగ్గా అప్పుడే నా వంతు వచ్చింది. కాళ్ళ ముందున్న గులకరాళ్ళను వంగి చేత్తో పక్కకు ఊడ్చాను. మామ ఆగిపోయాడు. కుస్తీకి ముందు మట్టిని తాకి మొక్కమని నేర్పింది ఆయనే మరి.

"మావాడు మన్నుకు మొక్కినాడు చూడండప్పా!" అని మురిసిపోయాడు.

నేను మొదటి బంతికే ఔట్. మామ పలక లాక్కున్నాడు. పొయ్యిలోకే అనుకున్నాను. ఆయన పంచె ఎగ్గట్టి, మట్టిని కళ్ళకద్దుకుని, వికెట్ల ముందు నిలబడ్డాడు. బంతి తగిలి మూడు కర్రలూ ఎగిరిపోయాయి.

"ఔట్ మామా!" అని అరిచాం.

"నా వీపు నేలకు తగిలిందా? తగల్లేదు కదా! ఇంగెట్లా ఓడిపోయినట్టు? వెయ్యండ్రా!"

ఆ సాయంత్రం చీకటి పడేదాకా మామను ఎవరూ ఓడించలేకపోయారు.