బత్తాయి తొక్కల ఆవిరి

కొమురవ్వ ఏ మరకనైనా ముందు వాసన చూస్తుంది. చీరను ముక్కు దగ్గరకు తెచ్చుకుని, కళ్లు మూసుకుని ఊపిరి పీలుస్తుంది. అప్పుడు చెబుతుంది: ఇది చాయ్. ఇది గుట్కా. ఇది మగ్గం నూనె.

సూరత్‌లో డిండోలి దగ్గరి ఒక చీరల కార్ఖానాలో మరకలు తీయడం ఆమె పని. ఎక్కువగా నూనె మరకలే. వాటి మీద ఘాటైన మందు చల్లి గుడ్డతో అద్దాలి. మందు గాలిలోకి పోతుంది. కొంత ఆమె ఛాతీలోకి పోతుంది.

ఈ చలికాలం మొదట్లో మెట్లెక్కుతూ ఊపిరందక మధ్యలోనే కూర్చుండిపోయింది. డాక్టర్ లలితకుమారి మాట దాచలేదు. ఆ మందైనా మానాలి, ఆ పనైనా మానాలి.

పని మానడం కొమురవ్వకు ఇష్టం లేదు. పనికిరాదని పక్కన పడేసిన చీర తన చేతిలో మళ్లీ చీర కావడం ఆమెకు నచ్చుతుంది.

ఒక సాయంత్రం బత్తాయి ఒలుస్తుంటే గోళ్ల సందుల్లోని నల్ల జిడ్డు వదిలింది. చాలాసేపు వేళ్లనే చూసుకుంది. మర్నాడు ఒక తొక్కను తీసుకుపోయి చీర మీది మరకకు రుద్దింది. నూనె పోయింది. తొక్క రంగు అంటుకుంది.

"ఏందవ్వా, నల్లది పోయి పచ్చది వచ్చె. చీరతోటి జ్యూస్ గూడ ఇస్తమా?" అన్నాడు రఘుపతి మాస్టర్. మడత పనులు చూసేది ఆయనే.

ఇంటికొచ్చి కోడలు హిమశ్రీకి చెప్పింది. ఆ పిల్ల సూరత్‌లోనే పుట్టి, ఇక్కడే బీఎస్సీ చదివింది.

"తొక్కలు ఉడకబెడితే రంగు ఆవిరితోటి రాదు అత్తమ్మా. తొక్కల ఉన్న నూనె వస్తది. ట్రై కరేంగే? చేసి చూద్దమా?"

"అయితే కుక్కర్ దించు."

"నా కుక్కరా?"

"మరి నాదేడున్నది? ఎన్నడో నీకిస్తిని గద."

ఆదివారం తొక్కల లోపలి తెల్లదనం గీకేసి, ముక్కలు చేసి, నీళ్లతో కుక్కర్‌లో వేశారు. విజిల్ తీసేసి అక్కడ సన్నని రాగి గొట్టం పెట్టారు. సందుల్లో గోధుమపిండి ముద్ద మెత్తారు. గొట్టాన్ని మంచు నీళ్ల బకెట్‌లోంచి పోనిచ్చి, చివర ఒక థర్మకోల్ కప్పు ఉంచారు. సన్నని మంట.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక చుక్క. తర్వాత ఇంకొకటి. కప్పులోని నీళ్ల మీద సన్నని నూనె పొర తేలింది. ఇద్దరూ వంగి చూస్తుండగానే కప్పు పక్కన చిల్లి పడి నీళ్లు నేల మీదికి పారాయి.

"అరే, కప్పును తినేసింది!" అంది హిమశ్రీ.

కొమురవ్వ ఆ చిల్లిలో వేలు పెట్టి చూసింది. "కప్పునే తినేది చీరను ఇడుస్తదా?"

"తెల్వదు అత్తమ్మా. చూడాలె."

ఈసారి గాజు గ్లాసు పెట్టారు. పైన తేలిన నూనెకు రంగు లేదు. కొమురవ్వ తన కొంగు చూసుకుంది. అదీ కార్ఖానా బట్టే; అంచున ఎప్పటిదో మగ్గం నూనె మరక. దాని మీద ఒక చుక్క వేసి అద్దింది. కిటికీ దగ్గరకు పోయి వెలుతురుకు పట్టింది. చిల్లి లేదు. నలుపు లేదు. పసుపు లేదు.

కళ్లు మూసుకుని వాసన చూసింది.

"ఏమున్నది?" అంది కోడలు.

"బత్తాయి."

బట్ట ఆరాక మళ్లీ చూసింది.

"ఇప్పుడు?"

"ఏం లేదు పిల్లా." ఆమె నవ్వింది.

సోమవారం ఆ చిన్న సీసాను రఘుపతి ముందు పెట్టింది. ఆయన ఎదుటే ఒక చీర మీది మరక తీసింది. ఆయన బట్టను తిప్పి తిప్పి చూశాడు.

"పోయింది, నిజమే. గని ఇది మధ్యాహ్నం దాక గూడ రాదు గద అవ్వా."

"దినానికి సరిపోను తెస్తే?"

"తే. నీ బల్ల మీద మందు డబ్బా పెట్టనియ్య."

మర్నాడు పొద్దున, చెత్త బండి రాకముందే, కొమురవ్వ గోనెసంచి చంకన పెట్టుకుని జ్యూస్ బండి దగ్గరకు పోయింది. తొక్కల బుట్ట ముందు కూర్చుని ఒక్కొక్కటి వాసన చూస్తూ, కుళ్లినవి పక్కకు వేసి, మంచివి సంచిలో వేసుకుంది.