నేర్ప పడును

మోటారు సైకిల్ నేర్పే మాస్టారికి ఉన్నది ఒకటే అలవాటు. పడిపోవడం. కొత్తగా ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా సరే, మొదటి రోజు, అందరూ చూస్తుండగా, ఆయన బండితో సహా నేల మీద ఉండాల్సిందే. ఎండైనా వానైనా ఆ కార్యక్రమం ఆగేది కాదు.

మూతబడిన మిల్లు వెనక ఖాళీ స్థలమే ఆయన బడి. గేటుకి ఒక రేకు బోర్డు: ‘మెల్లగా నడపడం నేర్పబడును’. ఎవరో కొంటెవాడు అందులో ‘బ’ని ‘ప’గా దిద్దిపోయాడు. అప్పటినుంచి ఊరంతా దాన్ని ‘నేర్ప, పడును’ అని విరిచి చదువుకునేది. మాస్టారు మాత్రం దాన్ని సరిచేయించలేదు.

“ఉన్నమాటేగా రాశాడు, పాపం” అనేవారు.

మెల్లగా నడపడమే ఎందుకు, వేగంగా నేర్పరా అని ఎవరైనా అడిగితే ఆయనకి నవ్వొచ్చేది. “వేగంగా పోయేటప్పుడు బండి తనను తనే చూసుకుంటుంది. మెల్లగా పోయేటప్పుడే దానికి మనిషి అవసరం.”

ఇంటింటికీ వెళ్ళి రోగులను చూసే నర్సమ్మ ఆ గేటు ముందు నిలబడే నాటికి ఆమెకి నలభై మూడేళ్ళు. ఆసుపత్రివాళ్ళు ఆమెకొక మోటారు సైకిలిచ్చారు. తిన్నటి రోడ్డయితే బాగానే పోయేది. మలుపొచ్చినా, జనం అడ్డొచ్చినా, బండి వేగం తగ్గగానే ఆమె గుండె వేగం పెరిగేది. ఒకరోజు ఆసుపత్రి వాకిట్లో, సిబ్బంది అందరి ముందూ, బండి తిప్పబోయి ఉన్నచోటే ఒరిగిపోయింది. దెబ్బ తగల్లేదు. మందుల గది గుమాస్తాలు నవ్విన నవ్వే తగిలింది. ఆ తరవాత ప్రతి మలుపు దగ్గరా దిగి బండిని తోసుకెళ్ళేది. బండి ఆమెను మోసిన దూరం కన్నా ఆమె బండిని తోసిన దూరమే ఎక్కువ.

చివరికి పెద్ద డాక్టరుగారు పిలిచి చెప్పారు. “నెలాఖరుకి ఇదే వాకిట్లో ఎనిమిది అంకెలా తిప్పి చూపించండి. లేదంటే కాగితాల గదిలో కూర్చుందురుగాని.”

కాలి పుండుకి కట్టు మార్చడానికి తనను తప్ప ఇంకెవరినీ దగ్గరికి రానివ్వని ముసలమ్మ ఒకావిడ ఉంది. నర్సమ్మకి మొదట ఆవిడే గుర్తొచ్చింది.

మొదటి ఆదివారం పొద్దున ఆమెతోపాటు ఒక దర్జీ కూడా చేరాడు. మాస్టారు బండెక్కి పాఠం మొదలుపెట్టారు.

“చూడండి. క్లచ్ సగం వదలాలి. వెనక బ్రేకు మీద పాదం ఊరికే ఆనించాలి. ఎటు పోవాలో అటే చూడాలి. అలాకాకుండా ముందు చక్రాన్ని చూశారంటే...” అంటూ ముందు చక్రాన్ని చూశారు.

ధబ్!

“...ఇదిగో, ఇలా అవుతుంది” అని దుమ్ములోంచి వినిపించింది.

“ఏమైంది మాస్టారూ?” అని పరిగెత్తాడు దర్జీ.

“చీమ అడ్డమొచ్చిందయ్యా. తొక్కలేక తప్పుకున్నాను.”

దర్జీ నవ్వలేక కూలబడ్డాడు. నర్సమ్మ కూడా పైట చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వాకిట్లో పడిన తరవాత ఆమె నవ్వడం అదే మొదలు. గోడ నీడన కూర్చున్న మాస్టారి భార్య మాత్రం తల కూడా ఎత్తలేదు.

“ఏమండీ, ఇవాళ ఏ మోకాలు?”

“ఎడమది.”

“ఊఁ” అని ఆవిడ సూదిలోకి దారం ఎక్కించింది. మాస్టారి పంట్లాములో అసలు గుడ్డ ఏదో, మాసిక ఏదో దర్జీకి కూడా తెలిసేది కాదు.

పది నిమిషాలు తిరక్కుండానే నర్సమ్మ పడింది. కళ్ళు గట్టిగా మూసుకుని నవ్వుల కోసం కాచుకుంది. ఒక్క నవ్వూ రాలేదు. దర్జీ దగ్గర ఇంక నవ్వే ఓపిక మిగల్లేదు. మాస్టారు చెయ్యందించారు.

“నాకన్నా శుభ్రంగా పడ్డావమ్మా! లే. ఈసారి నేలకేసి చూడకు. నేల ఎక్కడికీ పోదు.”

ఆ తరవాత ప్రతి ఆదివారం కొత్తవాళ్ళు వచ్చారు. ప్రతి ఆదివారం మాస్టారు పడ్డారు. ప్రతిసారీ కొత్త కారణమే. ఒకసారి “నీడ తగిలింది” అన్నారు. ఇంకోసారి “భూమి ఇవాళ కాస్త పైకొచ్చినట్టుంది” అన్నారు. ఒకసారైతే స్టాండు వేసి ఉన్న బండి మీంచి కూడా పడ్డారు. పందేలు కూడా పెట్టేవారు. ఈ గోడ నుంచి ఆ గోడకి అందరికన్నా ఆలస్యంగా చేరినవాళ్ళే గెలిచినట్టు. “నత్త దాటిపోతే సిగ్గుపడకండి, దారివ్వండి!” అని పక్కనే నడుస్తూ అరిచేవారు. మూడో వారానికి నర్సమ్మ కాలు కింద పెట్టకుండా ఎనిమిది తిప్పింది.

పరీక్షకి ముందు ఆదివారం ఆమె అరగంట ముందే వచ్చింది. గేటు తోయబోయి ఆగిపోయింది.

లోపల మాస్టారు బండి మీదున్నారు. నడిచే మనిషికన్నా మెల్లగా, రాళ్ళ మధ్య, ఒంటి చేత్తో ఎనిమిది తిప్పుతున్నారు. వెనక ఆయన భార్య ఒక పక్కకి కూర్చుని నిండు గ్లాసుతో టీ తాగుతోంది. చుక్క ఒలకలేదు. ఇంతలో దర్జీ సైకిలు గంట వినిపించింది. ఆవిడ దిగిపోయింది. మాస్టారు బండిని స్థలం మధ్యలోకి తెచ్చి నిలిపారు. కొత్తవాళ్ళు ఇద్దరు లోపలికి అడుగుపెట్టారు. పాఠం మొదలైంది. ధబ్!

నర్సమ్మ తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళింది. “అమ్మా, ఆయన...”

“చూసేశావా?” ఆవిడ గొంతు తగ్గించింది. “ఆయనకి పడటం అసలు రాదమ్మా. కష్టపడి నేర్చుకున్నారు. కింద పరుపు వేసుకుని నెల రోజులు సాధన చేశారు. పరుపు చిరిగి ఇల్లంతా దూదే!”

“ఎందుకమ్మా ఇదంతా?”

“ఈయన మొదట నేర్పింది సొంత చెల్లెలికి. మొదటిరోజే పడింది. అందరికన్నా ముందు నవ్వింది ఈయనే. ఆ పిల్ల మళ్ళీ బండి ముట్టుకోలేదు. ఎంత బతిమాలినా సరే. అప్పటినుంచి, నవ్వేదేదో ముందు నన్నే చూసి నవ్వెయ్యనీ అంటారు.” ఆవిడ దారం కొరికింది. “నీకు తెలుసని ఆయనతో అనకు. చిన్నబుచ్చుకుంటారు. బాగా పడుతున్నానని గొప్ప నమ్మకం.”

నర్సమ్మ ఆ మాట ఆయన దగ్గర ఎత్తనేలేదు. మంగళవారం ఆసుపత్రి వాకిట్లో ఎనిమిది తిప్పింది. ఎంత మెల్లగా అంటే, పెద్ద డాక్టరుగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. “బండి నడుస్తోందా, ఆగిందా?” అన్నాడొక గుమాస్తా. ఈసారి నవ్వినా ఆమెకి తగల్లేదు. అక్కణ్ణుంచే ముసలమ్మ కట్టు మార్చడానికి వెళ్ళింది, ఒక్క మలుపు దగ్గర కూడా దిగకుండా.

అలా ఆరేళ్ళు గడిచాయి. ఆదివారం పొద్దున ఆ మిల్లు వెనక్కి వెళ్ళకపోతే ఆమెకి వారం మొదలైనట్టుండేది కాదు. మాస్టారి మోకాళ్ళు మాత్రం ఇక లాభం లేదన్నాయి. వాటికి నూనె రాసేది నర్సమ్మే. ఇంకొక్కసారి పడితే మంచం దిగరని గట్టిగా చెప్పింది కూడా. ఆయన తలూపారు.

ఆ తరవాతి ఆదివారం ఒక పంతులమ్మ వచ్చింది. చేతులు వణుకుతున్నాయి. మాస్టారు ఆ చేతుల్ని చూశారు. కర్ర గోడకి ఆనించి, కుంటుకుంటూ బండి వైపు నడిచారు. ఆయన భార్య సూది పట్టుకుని అలాగే ఉండిపోయింది.

నర్సమ్మ గబగబా వెళ్ళి ఆయన చేతిలో తాళం లాక్కుంది. “ఇవాళ నేను చూపిస్తాను మాస్టారూ.”

బండెక్కింది. క్లచ్ సగం వదిలింది. “ముందు చక్రాన్ని చూశారంటే...” అంది.

ధబ్!

పంతులమ్మ కిసుక్కున నవ్వింది. తరవాత పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతోనే వెళ్ళి తన బండెక్కింది.

మాస్టారు కుంటుతూ వచ్చి నర్సమ్మకి చెయ్యందించారు. ఆమె కళ్ళలోకి కాసేపు చూశారు. తరవాత వంగి, ఎవరికీ వినపడకుండా చెవిలో అన్నారు.

“పడేముందు బ్రేకు నొక్కావు. జనానికి తెలిసిపోతుంది. రేపు సాయంత్రం ఇంటికి రా. కొత్త పరుపు ఉంది.”