వరహాలమ్మ సరిచేసిన పువ్వులు

మా నరసాపురం వైపు ఆడవాళ్ళు మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద చేరి లేసు అల్లుతారు. తలా కొన్ని పువ్వులు అల్లితే, ఒకరు వాటిని కలిపి బల్లగుడ్డ చేస్తారు. దాన్ని అతుకుపని అంటాం. మా వీధిలో ఆ పని వరహాలమ్మది. తప్పులు సరిచేయడమూ ఆమె వంతే. లేసులో తప్పు పడితే పైపైన కుట్టి దాచడం కుదరదు. అక్కడిదాకా విప్పి మళ్ళీ అల్లాల్సిందే.

శేషారత్నం పువ్వులకు మాత్రం ఎన్నడూ ఆ అవసరం రాలేదు. వరహాలమ్మ కాపురానికొచ్చిన కొత్తలో సూది పట్టడం నేర్పింది ఆవిడే. వరసకు అక్క.

ఒక వానాకాలం ఆ పువ్వుల్లో తేడా మొదలైంది. ఒకదానికి రేకు ఎక్కువ, ఇంకోదానికి నడిమి చుట్టు మూసుకోలేదు. చూపు తగ్గిందేమోనని వరహాలమ్మ అడిగితే శేషారత్నం నొచ్చుకుంది.

"నీకు నేర్పిన చెయ్యే ఇది. నాకే వంకలెడతన్నావా?"

వరహాలమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అక్క పేరు చెడకూడదని, తప్పిన పువ్వులన్నీ విప్పి తానే అల్లి, సరుకు కొనే ఏజెంటుకు అక్క పేరు మీదే ఇచ్చేది. రానురాను పువ్వుల బదులు చిక్కుపడిన దారమే రాసాగింది. అయినా లెక్కకు సరిపడా పువ్వులు అల్లి పెట్టేది.

ఆ రోజుల్లోనే శేషారత్నం ఇంట్లో గొడవలు. పులుసులో ఉప్పు రెండుసార్లు వేస్తోందని, పొయ్యి మీద పాలు వదిలేసి పోతోందని, అంతా తన మీద కసితోనేనని కోడలు భూలక్ష్మి వీధికి వినపడేలా విసుక్కునేది.

మరుసటి ఏడు కార్తీకంలో శేషారత్నం ఇంట్లోంచి కనబడకుండా పోయింది. వెతగ్గా వెతగ్గా కొడుకు గంగరాజుకు గోదావరి రేవులో దొరికింది. పుట్టింటికి వెళ్ళే పడవ కోసం చూస్తోందట. ఆ పుట్టింట్లో ఎవరూ మిగలక ఏళ్ళయింది. డాక్టరు మతిమరుపు జబ్బన్నాడు, ఎప్పుడో మొదలై ముదిరిందన్నాడు. గంగరాజుకు నమ్మకం కుదరలేదు. ఇంటికొచ్చి మా అందరి ముందే అన్నాడు.

"జబ్బు మనిషైతే అంత పొందిగ్గా లేసెలా అల్లుద్ది, పిన్నీ? మొన్నటి సరుకు కూడా ఏజెంటు మెచ్చుకున్నాడు కదా."

వరహాలమ్మ తలవంచుకుంది. "అయ్యి మీ అమ్మ అల్లినయ్యి కాదురా. నేనల్లినయ్యి. ఏడాది పైనుంచీ."

భూలక్ష్మి గుమ్మంలో నిలబడిపోయింది. గొంతు పెంచకుండానే అంది.

"ఒక్క మాట నా చెవినేత్తే పోయేది కదా చిన్నత్తయ్యా. కావాలని చేత్తందనుకుని రోజూ తిట్టాను. ఆవిడ ముందున్న కంచం కూడా లాగేశాను."

ఆ తర్వాత ఆమె వరహాలమ్మతో మాట్లాడడం మానేసింది. వరహాలమ్మ మాత్రం రోజూ వెళ్ళి అక్క పక్కన కూర్చునేది. భూలక్ష్మి పీట వేసి లోపలికి వెళ్ళిపోయేది. పక్కనున్నదెవరో శేషారత్నానికి తెలిసేది కాదు. వరహాలమ్మ ఒళ్ళోని పని చూసి, "కొత్తదానివా? ఇక్కడ తప్పింది, ఇప్పుకో" అనేది. అక్కడ తప్పేమీ ఉండేది కాదు. వరహాలమ్మ విప్పి మళ్ళీ అల్లేది.

మాఘంలో శేషారత్నం పోయింది. పెద్దకర్మ నాడు భూలక్ష్మి తనంతట తానే వచ్చి వరహాలమ్మ పక్కన కూర్చుంది. అత్తగారు జబ్బు పడ్డాక అల్లిన పువ్వు ఒక్కటైనా దాచారా అని అడిగింది.

"తప్పులున్నా పర్లేదు."

"లేదమ్మా. అన్నీ ఇప్పేశాను."

భూలక్ష్మి తలూపింది. లేచి వెళ్ళి విస్తరి తెచ్చి, వరహాలమ్మ ముందు వేసి, తనే వడ్డించింది. వరహాలమ్మ రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది.